బిరడాలు

ఇరుసు విరిగినప్పుడు చప్పుడు కూడా సరిగా వినపడలేదు.
కిటికీలోంచి చూస్తే ఒక చక్రం
మా కారుని దాటుకుని, తన దారిన తాను
ఉప్పుపొదల్లోకి దొర్లుకుంటూ పోతోంది.
"ఎవరిదో పాపం" అన్నాడు ఎమ్రిస్.
ఊడ్నడాటా బాట మీద
కనుచూపు మేర మేం తప్ప ఎవరూ లేరు.

రెండు రాత్రులు అక్కడే.
మూడోనాడు పశువుల లారీ నడిపే కుర్రాడు ఆగి
నీళ్ళిచ్చాడు. మా ట్రెయిలర్ కిందికి వంగి చూశాడు.
నవ్వాపుకుంటూ వెళ్ళిపోయాడు.
ఆ ఆపుకున్న నవ్వే
పోర్ట్ ఆగస్టా దాకా నా చెవిలో జోరీగ.
ముప్పయ్యొక్కేళ్ళు రైల్వే షెడ్డులో ఫిట్టర్ని నేను.

ఆ చలికాలం మా గరాజు తలుపు మూసిన గుర్తు లేదు.
పాత ఇరుసు కోసి పడేశాను.
నాలుగు కమాను పట్టీలున్న చోట ఏడు బిగించాను.
కారు చక్రాలే దీనికీ ఎక్కేలా హబ్బులు మార్చాను,
ఒక్క స్టెప్నీ ఇద్దరికీ చుట్టం.
వెనక వేలాడే నీళ్ళ ట్యాంకుని ఇరుసు మీదికి జరిపితే
బండి తోక ఊపడం మానేసింది.
నిరుడు పిండిడబ్బా నిండా ఎర్రదుమ్ము,
రొట్టె నమిలితే దారంతా పళ్ళ కింద కరకర.
అందుకని ప్రతి తలుపు అంచుకీ
మెత్తటి రబ్బరు కుట్టినట్టు అతికించాను.

అక్కడితో ఆగాల్సింది.

స్టీలు వంటబల్ల. సోలార్ పలక. దానికో బ్యాటరీ,
ఆ బ్యాటరీకి తోడు ఇంకో బ్యాటరీ.
వేణ్ణీళ్ళ పంపు. గుడారానికి గుడారం.
రెండో ఫ్రిజ్. (అడక్కండి.)
బిగించిన ప్రతిదాని మీదా
ఎమ్రిస్ వచ్చి టీకప్పు పెట్టి చూసేవాడు.
తొణక్కపోతే తలూపేవాడు.
చాలు అన్న మాట మాత్రం
ఆ నోట్లోంచి ఒక్కనాడూ రాలేదు.

గోధుమ గాదెల దగ్గర లారీల్ని తూచే నోస్కే ముసలాయన
ట్రెయిలర్ ఒక్కదాన్నే కాటా మీద నిలబెట్టాడు.
పదిహేను వందల కిలోలు మించరాదని
బండి నుదుటి మీద రేకుముక్క.
కాటా అంది: పందొమ్మిది వందల డెబ్బై.
"గోధుమలా, బార్లీనా?" అన్నాడు.
"ఇల్లు" అన్నాను.

ఇంటికొచ్చాక ఎమ్రిస్ మాట్లాడకుండా
పరుపు ఎత్తి, దాని కింది పెట్టె తెరిచాడు.
రాళ్ళు.
పదకొండేళ్ళ రాళ్ళు.
ఒక్కోదాని పొట్ట మీద తెల్లసిరాతో తేదీ, ఊరు.
అన్నీ స్నానాల గది తూకం మీద పెడితే
తొంభై రెండు కిలోలు.
"నిరుడు కూడా ఇవి..." అన్నాను.
"నిరుడు ఇంకా పన్నెండు తక్కువ" అన్నాడు,
అదేదో తనకి కలిసొచ్చే సాక్ష్యమైనట్టు.

పోట్లాడుకున్నాం. స్పానర్ ఎటో విసిరాను.
ఇప్పటికీ దొరకలేదు, పదిహేడో నంబరుది.

తర్వాత విప్పడం మొదలుపెట్టాను.
విప్పడానికి బిగించినంత సేపు పట్టదు,
అదే అవమానం.
ఫ్రిజ్ పోయింది. బల్ల పోయింది, దాని బదులు ఒక పలక.
తోడు బ్యాటరీ పొరుగింటి పడవలోకి పోయింది.
రాళ్ళు పెరటి గోడ వెంబడి వరసగా కూచున్నాయి,
అతని జేబులో ఏదో ఒకటి మిగిలే ఉంటుంది,
నేను వెతకలేదు.

నేలరేకులో ఎనిమిది బోల్టు బెజ్జాలు మిగిలాయి.
వెల్డింగు చెయ్యొచ్చు, చేతికి మళ్ళీ పట్టాలనిపించలేదు.
ఎమ్రిస్ ద్రాక్షసారా సీసాల బిరడాలు తెచ్చి
ఒక్కోటీ బొటనవేలితో నొక్కాడు.

ఈ రాత్రి అదే బాట మీదున్నాం.
గతుకులకి ఒక బిరడా ఎక్కడో రాలిపోయింది.
పరుపు అంచునుంచి తల వంచి చూస్తే
వేలెడంత వెలుగు:
చంద్రుడు కాదు, చంద్రుడు పడ్డ ఇసక.
రేపటికి పిండిలో మళ్ళీ దుమ్ము ఉంటుంది.
లేచి గుడ్డముక్క కుక్కాలి.
ఇంకాసేపాగి.